మూత ముట్టొద్దు

హైవే నుంచి గుంతకల్లు రోడ్డు చీలే చోట
మా రేకుల షెడ్డు. వెనక్కి తిరిగితే గుత్తి కోట.
మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చిందది,
పండుమిరప రంగు కారు,
నేలకు జానెడెత్తున,
మూతిలోంచి ఆవిరి కక్కుకుంటా.

గుడ్డ చుట్టుకొని ఉరికినా.
"మూత ముట్టొద్దురా పీరా!"
వన్నూరప్ప ముంజేయి చూపించినాడు,
మణికట్టు నుంచి మోచేతిదాకా
ముడతలు పడిన తెల్ల తోలు.
"నేనూ నీ మాదిరే తొందరపడినా ఒకసారి."

టీ తాగినాం.
ఇంకో టీ తాగినాం.
బెంగళూరామె గడియారం చూస్తాంది.
ఆయప్ప బానెట్ మీద అరచెయ్యి ఆనించి
జరం చూసినట్లు కండ్లు మూసుకుంటాడు.
ముప్పై ఏండ్లు డీజిల్ షెడ్డులో
రైలింజన్ల కడుపుల్లో దూరిన మనిషి.
"గాలిని బలవంతంగా మింగేటివి నాకు కొత్త కాదులే మేడం.
మావి నూటపది టన్నులుండేవి."

అట్ట పరుచుకొని కారు కింద పడుకున్నా.
రేడియేటర్ అడుగున చిటికెన వేలంత బిరడా.
పావు తిప్పితే చుక్క,
అర తిప్పితే ధార.
పచ్చగా రావాల్సింది
సంగటి కుండ కడిగిన నీళ్ళ మాదిరి వచ్చి
మోచేతి గుండా చంకలోకి కారింది.
"యాడనో ఎవురో బోరునీళ్ళు పోసినారు,"
పైనుంచి ఆయప్ప గొంతు.
"ట్రే మీద గోనె కప్పు. తియ్యగుంటాది అది,
కుక్కలకేం తెలుసు."
పోయినేడు మా నల్లకుక్క సంగతి
ఇద్దరం ఎత్తలేదు.

ఈ కారులో నీళ్ళకు రెండు దార్లు.
ఒకటి ఇంజన్ చుట్టూ.
ఇంకొకటి సూపర్‌ఛార్జర్ పిండి పిండి కాకెక్కించిన గాలిని
మళ్ళా చల్లబరిచేదానికి.
రెండోది విప్పితే
నీళ్ళు ఇంకా చిలకపచ్చగానే ఉండాయి,
దాని మూత యాడుండేదీ
దారిలో ఎవురికీ తెలీలేదు కాబట్టి.

ఆమె లేచి వచ్చింది.
"కొళాయి నీళ్ళు పోసేయండి సార్,
హైదరాబాద్ చేరితే చాలు నాకు."

ఆయప్ప నవ్వినాడు.
ఆయప్ప నవ్వితే పళ్ళు కనపడతాయి,
అడ్డంగా గోధుమరంగు చారలు,
అంచుల్లో గుంటలు.
"మా ఊరి బోరు చేసిన పని మేడం ఇది.
మా యమ్మ నడుం వంగింది, మళ్ళా లేవలేదు.
మీ అల్యూమినియం యాడ ఓర్చుకుంటాది?"

ఆమె చేతిలోని సీసా మూత
తిప్పతా తిప్పతా ఆగిపోయింది.

గుంతకల్లు బస్సులో దిగినాయి డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు మూడు,
కండక్టర్‌కు ఇరవై రూపాయలు.
ముందు ఒకసారి పోసి, తిప్పి, వంపినాం,
మురికి పోయేదాకా.
మళ్ళా సగం కూలెంట్, సగం నీళ్ళు,
పాలామె లెక్కే, కాకపోతే చెప్పి కలిపినాం.

అంత ఎండలో హీటర్ నిండుగా పెట్టి
ఇంజన్ వేసినాం. ఆమె చీరకొంగుతో విసురుకుంటాంది.
గొట్టం పిసుకు, వదులు, పిసుకు.
బుడగ.
బుడగ.
చానాసేపు ఏమీ లేదు.
అప్పుడు
బిందె బావిలో మునిగినట్లు ఒక్క గుటక,
గరాటులో నీళ్ళు బెత్తెడు దిగిపోయినాయి.
"ఊ," అన్నాడు ఆయప్ప. "పొయ్యి."

పొద్దుగూకినాక పోయిందది,
పెద్ద కందిరీగ మాదిరి సన్నగా ఈలేసుకుంటా,
పెన్షన్ మనిషి చేతిలో మూడు ఐదువందల కాగితాలు పెట్టి.

మూడో డబ్బా అడుగున గ్లాసెడు మిగిలింది.
ఆయప్ప చేతులు కడుక్కుంటాంటే తాగినా.
ఉప్పు లేదు, చౌడు లేదు, ఇనుప వాసన లేదు.
ఏ ఊరి నీళ్ళూ కావవి.
దప్పిక తీరినట్లే లేదు.

కుండలో చెంబు ముంచినా.